అమెరికాలో బానిసత్వం రద్దయ్యాక విడుదలైన నల్లజాతివాళ్ల బతుకు ఏమైంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూన్ దగ్గరపడితే చాలు, నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. కొన్ని డాలస్, హ్యూస్టన్ వైపు ఉంటున్న మన తల్లిదండ్రుల నుంచి వస్తాయి. కొన్ని గ్రూప్స్‌కి, సివిల్స్‌కి చదువుతున్న పిల్లల నుంచి వస్తాయి. చాలామందికి లింకన్ దాకా తెలుసు. అక్కడి నుంచి ఒక్క గెంతులో మార్టిన్ లూథర్ కింగ్ దగ్గర తేలతారు. నడుమ ఉన్న నూరేళ్లు ఎవరికీ పట్టవు. సంకెళ్లు తెంచడం ఒక ఎత్తు, ఆ తర్వాత కూలికి, భూమికి, పెళ్లికి, ఓటుకి ఒక్కోదానికి విడివిడిగా కొట్లాడాల్సి రావడం ఇంకో ఎత్తు. ఆ రెండోది చెప్పాలనే ఇదంతా రాశాను. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## విడుదల

లింకన్ ప్రకటనతో బానిసలందరూ ఒకేసారి విడుదలైపోయారు కదా?

లేదు. 1863 జనవరి 1 నాటి ప్రకటన అంతర్యుద్ధంలో తిరుగుబాటు చేసిన దక్షిణాది ప్రాంతాలకే వర్తించింది. యూనియన్ వైపే, అంటే కేంద్ర ప్రభుత్వం వైపే ఉండి బానిసల్ని ఉంచుకున్న డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిసోరీ రాష్ట్రాల జోలికి అది పోలేదు. తిరుగుబాటు ప్రాంతాల్లో కూడా సైన్యం అడుగుపెట్టిన చోటే అది అమలైంది. 1860 జనాభా లెక్కల్లో బానిసల సంఖ్య 39,53,760. దేశమంతటికీ చట్టంగా రద్దు చేసింది మాత్రం 1865 డిసెంబర్ 6న ఆమోదం పొందిన 13వ రాజ్యాంగ సవరణ. కెంటకీ, డెలావేర్‌లలో అప్పటిదాకా మనుషుల మీద యాజమాన్యం చెల్లుతూనే ఉంది. మిసిసిపీ ఆ సవరణకి ఒప్పుకుంటూ ఓటేసింది 1995లో. కాగితాలు పంపి లాంఛనం పూర్తి చేసింది 2013లో.

జూన్‌టీన్త్ అంటే ఏంటి? ఆ రోజు చదివిన ఉత్తర్వులో ఏముంది?

1865 జూన్ 19న టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవులో జనరల్ గోర్డన్ గ్రేంజర్ మూడో నంబరు ఉత్తర్వు ప్రకటించాడు. లింకన్ ప్రకటన వచ్చి అప్పటికి రెండున్నరేళ్లు. టెక్సాస్‌లో ఉన్న సుమారు రెండున్నర లక్షల మందికి స్వేచ్ఛ వచ్చిందని అధికారికంగా చెప్పింది ఆ రోజే. బానిసలందరూ స్వతంత్రులని, పాత యజమానికీ వాళ్లకీ ఇకపై ఉన్నది కూలీకీ పని ఇచ్చేవాడికీ ఉండే సంబంధమేనని మొదటి వాక్యాల్లో ఉంది. అంతవరకే చాలామంది చెబుతారు. చివరి వాక్యాలు కూడా చదవాలి. ఉన్నచోటే కదలకుండా ఉండి కూలికి పని చేసుకోండి, సైనిక శిబిరాల దగ్గరికి రావద్దు, ఖాళీగా కూర్చుంటే పోషించేది లేదు అని అందులోనే రాశారు. 250 ఏళ్లు జీతం లేకుండా చాకిరీ చేసినవాళ్లకి స్వేచ్ఛతోపాటు అందిన మొదటి హెచ్చరిక, సోమరితనం వద్దని. నాకు ఆ కాగితంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ ముక్కే. 2021లో ఆ తేదీని దేశవ్యాప్త సెలవుగా ప్రకటించారు.

నష్టపరిహారం యజమానులకు ఇచ్చారట, నిజమేనా?

రాజధాని వాషింగ్టన్‌లో నిజమే. 1862 ఏప్రిల్ 16 నాటి చట్టం కింద విడుదల చేసిన ఒక్కో మనిషికి గరిష్ఠంగా 300 డాలర్ల చొప్పున యజమానికి చెల్లించారు. విడుదలైనవాళ్లకి అదే చట్టంలో ఒక్కటే ఉంది: దేశం వదిలి హైతీకో లైబీరియాకో వెళ్లిపోతానంటే 100 డాలర్ల వరకు సాయం. మిగతా దక్షిణాదిలో యజమానులకీ పరిహారం లేదు, బానిసలకీ లేదు. బ్రిటన్ అయితే 1833 చట్టంతో తన వలసల్లోని యజమానులకి 2 కోట్ల పౌండ్లు పంచింది. అందుకోసం చేసిన అప్పు తీరింది 2015లో.

పాత యజమానిని బకాయి జీతం అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. టెనెసీ యజమాని ఒకాయన, తన దగ్గర్నుంచి వెళ్లిపోయి ఓహయోలో స్థిరపడ్డ జోర్డన్ ఆండర్సన్‌ని తిరిగి పనికి రమ్మని ఉత్తరం రాశాడు. 1865 ఆగస్టులో జోర్డన్ చెప్పి రాయించిన జవాబు పత్రికల్లో అచ్చయింది. నేను 32 ఏళ్లు చేశాను, నెలకి 25 డాలర్లు వేయండి. నా భార్య మాండీ 20 ఏళ్లు చేసింది, వారానికి రెండు డాలర్లు వేయండి. మొత్తం 11,680 డాలర్లు అవుతుంది. మా బట్టలకి, డాక్టరుకి పెట్టిన ఖర్చు పట్టుకుని మిగతాది పంపండి, అప్పుడు మీ మాట నమ్ముతాం అని రాయించాడు. ఆ డబ్బు రాలేదు.

కోర్టులో గెలిచిన మనిషి హెన్రియెటా వుడ్. చట్టప్రకారం స్వేచ్ఛ పొంది సిన్సినాటీలో ఉంటున్న ఆమెను 1853లో ఎత్తుకుపోయి మళ్లీ బానిసగా అమ్మారు. యుద్ధం అయ్యాక ఆమె తిరిగొచ్చి, ఎత్తుకుపోయినవాళ్లలో ఒకడైన జెబ్యులన్ వార్డ్ మీద దావా వేసింది. 1878లో జ్యూరీ 2,500 డాలర్లు ఇప్పించింది. ఆమె కొడుకు తర్వాత షికాగోలో లాయరయ్యాడు.

## మొదటి ఏడాది

విడుదలైన రోజు వాళ్లు ఎక్కడికి వెళ్లారు?

చాలామంది ఎక్కడికీ వెళ్లలేదు. చేతిలో పైసా లేదు, పంట చేలోనే ఉంది. వెళ్లినవాళ్లలో ఎందరో బయల్దేరింది అమ్ముడైపోయిన భార్యనో, బిడ్డనో, తల్లినో వెతుక్కుంటూ. ఫిలడెల్ఫియా నుంచి వచ్చే క్రిస్టియన్ రికార్డర్ లాంటి నల్లజాతి పత్రికల్లో ఆ వెతుకులాట ప్రకటనలు కనిపిస్తాయి. న్యూఆర్లీన్స్ పత్రిక ఒకటి 'తప్పిపోయిన ఆత్మీయులు' అనే శీర్షికే పెట్టింది. చందాదారులు కానివాళ్లు ప్రకటనకి అర డాలరు కట్టాలి. పాస్టర్లు వాటిని ఆదివారం చర్చిలో బిగ్గరగా చదివి వినిపించేవారు. ఒక్కో ప్రకటనలో వరుస దాదాపు ఒకటే: మా అమ్మ పేరు ఇది, మమ్మల్ని ఫలానా ఊళ్లో ఫలానావాడు అమ్మాడు, కొన్నవాడి పేరు ఇది, చివరిసారి చూసినప్పుడు నా వయసు ఇంత. విడిపోయి ముప్పై నలభై ఏళ్లయినా ఇస్తూనే ఉన్నారు. దొరికినవాళ్లు చాలా తక్కువ.

బానిసలుగా ఉన్నప్పుడు చేసుకున్న పెళ్లిళ్లు చట్టం ముందు చెల్లాయా?

బానిసకి కాంట్రాక్టు చేసుకునే హక్కే లేదు కాబట్టి పెళ్లి కూడా చట్టం దృష్టిలో లేనట్టే. విడుదలయ్యాక దక్షిణాది రాష్ట్రాలు ప్రత్యేక చట్టాలు చేశాయి. వర్జీనియాలో 1866 ఫిబ్రవరి నాటికి ఆలుమగలుగా కలిసి ఉంటున్నవాళ్లని దంపతులుగానే గుర్తించారు. నార్త్ కరొలైనాలో గుమాస్తా దగ్గరికి వెళ్లి, ఎప్పటి నుంచి కలిసుంటున్నారో చెప్పి, పావు డాలరు కట్టి రాయించుకోవాలి. ఆ రిజిస్టర్లలో ఇరవై, ముప్పై ఏళ్ల కాపురాలు కనిపిస్తాయి. మనవలున్న ముసలి దంపతులు వరుసలో నిలబడి పెళ్లి నమోదు చేయించుకున్నారు.

ఇది గౌరవానికి సంబంధించిన సంగతే అయినా, డబ్బు లెక్క కూడా ఉంది. యుద్ధంలో దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు యూనియన్ తరఫున పోరాడారు. చనిపోయినవాళ్ల భార్యలకి పెన్షన్ రావాలంటే పెళ్లి రుజువు కావాలి. సర్టిఫికెట్ లేని చోట తోటి సైనికులు, పాత ఇరుగుపొరుగు వచ్చి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.

ఇంటిపేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? అన్నీ యజమానులవేనా?

అన్నీ కావు. కొందరు ఆఖరి యజమాని పేరు పెట్టుకున్నారు. కొందరు అంతకుముందటి యజమానిది పెట్టుకున్నారు, తల్లిదండ్రులు ఉన్నచోటు ఆ పేరుతో గుర్తుంటుందని. కొందరు ఫ్రీమన్ లాంటివి కొత్తగా ఎంచుకున్నారు. బానిసలుగా ఉండగానే లోలోపల ఇంటిపేరు వాడుకుని, యజమానికి తెలియనివ్వని కుటుంబాలూ ఉన్నాయి. 1850, 1860 లెక్కల్లో బానిసల పట్టికలో పేరు రాయలేదు, వయసూ ఆడా మగా రంగూ మాత్రమే రాశారు. వీళ్లలో అత్యధికుల పేర్లు మొదటిసారి జనాభా లెక్కల్లోకి ఎక్కింది 1870లో. ఇవాళ పూర్వీకుల్ని వెతుక్కునే నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఆగిపోయేది ఆ ఏడాది దగ్గరే.

బ్లాక్ కోడ్స్ అంటే ఏమిటి?

బానిసత్వం పోయిన కొద్ది నెలలకే, 1865 చివర్లో, మిసిసిపీ, సౌత్ కరొలైనాలతో మొదలై దక్షిణాది రాష్ట్రాలు చేసిన చట్టాలు. మిసిసిపీలో ప్రతి నల్లజాతి మనిషీ జనవరికల్లా పని ఉన్నట్టు రాతపూర్వక రుజువు చూపాలి. చూపకపోతే దేశద్రిమ్మరి కింద జరిమానా. ఐదు రోజుల్లో కట్టలేకపోతే, ఆ జరిమానా ఎవరు కడితే వాళ్ల దగ్గర చాకిరీకి అప్పగించేవారు. పట్టణం బయట భూమి కౌలుకి తీసుకోవడానికి వీల్లేదు. తల్లిదండ్రులు పోషించలేరని కోర్టు అంటే పిల్లల్ని 'అప్రెంటిస్' పేరుతో పంపేయవచ్చు, పాత యజమానికే మొదటి ప్రాధాన్యం. సౌత్ కరొలైనాలో వ్యవసాయం, ఇంటిపని తప్ప వేరే వృత్తి చేయాలంటే ఏటా 10 నుంచి 100 డాలర్ల దాకా పన్ను కట్టి లైసెన్సు తీసుకోవాలి. వీటికి జవాబుగానే 1866 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వీటోని తోసిరాజని కాంగ్రెస్ పౌరహక్కుల చట్టం తెచ్చింది. ఒప్పందం చేసుకోవడం, దావా వేయడం, సాక్ష్యం చెప్పడం, ఆస్తి కొనడం తెల్లవాళ్లతో సమానంగా అందరికీ ఉంటాయని అది చెప్పింది.

## పొలం, కూలి, అప్పు

'నలభై ఎకరాలు, ఒక కంచరగాడిద' మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఇచ్చారా?

1865 జనవరి 12 రాత్రి సవానా నగరంలో యూనియన్ సైన్యపు జనరల్ షెర్మన్ ఇరవై మంది నల్లజాతి మతపెద్దల్ని పిలిపించాడు. వాళ్ల తరఫున మాట్లాడింది 67 ఏళ్ల గారిసన్ ఫ్రేజియర్. ఎనిమిదేళ్ల క్రితం వెయ్యి డాలర్లు వెండి బంగారాల్లో కట్టి తననీ తన భార్యనీ కొనుక్కున్న మనిషి. మీ బతుకు మీరు బతకాలంటే ఏం కావాలని అడిగితే ఆయన సూటిగా చెప్పాడు: భూమి కావాలి, మా చేతుల్తో మేం దున్నుకుంటాం, డబ్బు కూడగట్టుకుని ఆ భూమి కొనుక్కునేదాకా.

నాలుగు రోజులకి 15వ నంబరు ఉత్తర్వు వచ్చింది. చార్ల్‌స్టన్ నుంచి ఫ్లోరిడా దాకా తీరప్రాంతపు భూముల్ని కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా పంచమని. జూన్ నాటికి సుమారు 40,000 మంది దాదాపు 4 లక్షల ఎకరాల్లో స్థిరపడ్డారు. కంచరగాడిద మాట ఉత్తర్వులో లేదు, సైన్యం కొన్నిటిని తర్వాత ఇచ్చింది. ఆ శరదృతువులోనే అధ్యక్షుడు జాన్సన్ తిరుగుబాటుదారులకి క్షమాభిక్ష పెట్టి భూములు వాళ్లకే తిరిగి ఇచ్చేయమన్నాడు.

సౌత్ కరొలైనాలోని ఎడిస్టో ద్వీపంలో ఆ వార్త చెప్పాల్సి వచ్చింది జనరల్ హోవర్డ్‌కి. విముక్తుల కోసం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోకి అధిపతి ఆయనే. చర్చి నిండా జనం. పాత యజమానుల్ని క్షమించి, వాళ్ల దగ్గరే కూలికి ఒప్పందం చేసుకోండని చెప్పాడు. అక్కడివాళ్లు ముగ్గురి కమిటీ వేసుకుని హోవర్డ్‌కీ అధ్యక్షుడికీ అర్జీలు రాశారు. మేం ఈ దేశానికి నమ్మకంగా నిలబడ్డాం, తిరగబడ్డవాళ్లకి మీరు భూమి ఇస్తున్నారు, మాకు ఇల్లు లేకుండా చేస్తున్నారు అని. అర్జీ పనిచేయలేదు. ఈ ఒక్క నిర్ణయమే వెనక్కి పోకుండా ఉండి ఉంటే తర్వాతి కథ చాలా వేరుగా ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను.

షేర్‌క్రాపింగ్ అంటే మన కౌలు లాంటిదేనా?

కౌలుకన్నా మనవైపు సగం పాలుకి చేయడానికి దగ్గర, అది కూడా రైతు చేతిలో ఏమీ లేకుండా. భూమి, కంచరగాడిద, విత్తనం, నాగలి అన్నీ యజమానివి. పంటలో సగం ఆయనకి. మిగతా సగంలోంచి ఏడాదంతా కొట్టులో తెచ్చుకున్న పిండి, ఉప్పు మాంసం, చెప్పులు, మందుల ఖరీదు పట్టుకుంటారు. కొట్టు చాలాచోట్ల ఆ యజమానిదే. నగదు ధర ఒకటి, అరువు ధర ఒకటి. డిసెంబరులో లెక్క చూసుకునే రోజు పద్దు పుస్తకం యజమాని చేతిలో ఉంటుంది. ఎదురుగా టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషికి చదువు రాదు. వచ్చినా, లెక్క తప్పని నోరు విప్పితే ప్రాణానికే ముప్పు. ఇంకా ఇంత బాకీ ఉన్నావని తేలితే మరో ఏడాది అక్కడే. చట్టం కూడా యజమాని పక్షాన్నే నిలిచింది. లెక్క తేలేదాకా పంట మీద పాలుకి చేసేవాడికి హక్కు లేదని, అతను కూలీతో సమానమని 1872లోనే జార్జియా సుప్రీంకోర్టు చెప్పింది.

విముక్తుల కోసం పెట్టిన బ్యాంకు దివాలా తీసిందంటారు, ఎలా?

ఫ్రీడ్‌మెన్స్ సేవింగ్స్ బ్యాంకుని 1865 మార్చిలో కాంగ్రెస్ చట్టంతో పెట్టారు. పాసుపుస్తకం చూసి, వెనక ప్రభుత్వం ఉందని జనం నమ్మారు. నిజానికి ప్రభుత్వ హామీ లేదు. తెల్లవాళ్లయిన ట్రస్టీలు చట్టం మార్పించుకుని, ఆ డబ్బుని సరైన పూచీ లేని అప్పులకీ స్థలాల వ్యాపారానికీ తిప్పారు. 1874 మార్చిలో, బానిసత్వం మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ని అధ్యక్షుడిగా కూర్చోబెట్టేసరికి లోపలంతా గుల్లయిపోయింది. ఆయన తన సొంత 10,000 డాలర్లు వేసి చూశాడు. జూన్ చివర్లో మూతపడింది. 61,000 మందికి పైగా డిపాజిటర్లు, దాదాపు 30 లక్షల డాలర్లు. కొందరికి కొంత వచ్చింది, చాలామందికి ఏమీ రాలేదు. చాకలి పని చేసి, బూట్లు తుడిచి దాచుకున్న డబ్బది.

## ఓటు, చదువు, కోర్టు

13, 14, 15 సవరణలకి తేడా ఏంటి? పరీక్షలో ఎప్పుడూ తికమకపడతాను.

13వది (1865) బానిసత్వాన్ని రద్దు చేసింది, కానీ నేరానికి శిక్షగా తప్ప అనే మినహాయింపుతో. 14వది (1868) అమెరికా గడ్డ మీద పుట్టినవాళ్లకి పౌరసత్వం, చట్టం ముందు సమాన రక్షణ ఇచ్చింది. నల్లజాతివాళ్లు పౌరులు కాలేరన్న 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పుని తుడిచేసింది ఇదే. 15వది (1870) జాతి, రంగు, పూర్వపు బానిసత్వం కారణంగా ఓటు నిరాకరించకూడదంది. అది మగవాళ్ల ఓటుకే. ఆడవాళ్లకి 1920లో 19వ సవరణతో వచ్చింది, దక్షిణాది నల్లజాతి స్త్రీలకి అప్పుడు కూడా ఆచరణలో అందలేదు.

నిన్నటి బానిసలు నిజంగా పదవుల్లోకి వచ్చారా?

వచ్చారు. 1867 నుంచి దక్షిణాదిలో నల్లజాతి మగవాళ్లు ఓటేయడం మొదలుపెట్టాక, యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలంలో 1,500 మందికి పైగా ఏదో ఒక ప్రభుత్వ పదవిలో ఉన్నారు. 1870లో హైరమ్ రెవెల్స్ మిసిసిపీ నుంచి సెనేటర్ అయ్యాడు. బానిసగా పుట్టిన జోసెఫ్ రైనీ అదే ఏడాది సౌత్ కరొలైనా నుంచి ప్రతినిధుల సభకి వెళ్లాడు. అందరిలోకీ నాకిష్టమైనవాడు రాబర్ట్ స్మాల్స్. 1862లో చార్ల్‌స్టన్ రేవు నుంచి శత్రువుల ఓడని తన కుటుంబంతో సహా తప్పించి యూనియన్‌కి అప్పగించాడు. తర్వాత బ్యూఫోర్ట్‌లో తన యజమాని ఇంటినే కొనుక్కుని కాంగ్రెస్ సభ్యుడయ్యాడు.

చదువు మాటేంటి?

వీళ్ల కథలో నాకు ఊపిరి పోసే భాగం ఇదే. చదవడం నేర్పితే శిక్ష అన్న రాష్ట్రాల్లో, విడుదలైన వెంటనే తాతలూ మనవలూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. 1870 నాటికి ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో లెక్కల్లోని బడుల్లో సుమారు రెండున్నర లక్షల మంది చదువుతున్నారు. ఫిస్క్ (1866), హోవర్డ్ (1867) విశ్వవిద్యాలయాలు అప్పటివే. 1870లో నల్లజాతిలో నూటికి 80 మందికి చదువు రాదు. 1900 నాటికి అది 45 దగ్గరికి దిగింది.

## వెనక్కి లాక్కున్న కాలం

రాజ్యాంగంలోనే ఓటు హక్కు ఉంటే ఎలా తీసేశారు?

మొదట తుపాకీతో. 1873 ఏప్రిల్ 13న లూసియానాలోని కోల్‌ఫ్యాక్స్ కోర్టు భవనం దగ్గర పదుల సంఖ్యలో నల్లజాతివాళ్లని చంపారు, లొంగిపోయాక కూడా. ఆ కేసులో పడ్డ శిక్షల్ని 1876లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1877లో కేంద్ర ప్రభుత్వ సైన్యం దక్షిణాది రాజకీయాల నుంచి తప్పుకుంది. తర్వాత కాగితంతో తీసేశారు. 1890 మిసిసిపీ రాజ్యాంగం రెండు డాలర్ల తల పన్ను, రాజ్యాంగంలో ఒక భాగం చదివి అర్థం చెప్పాలనే పరీక్ష పెట్టింది. సరిగ్గా చెప్పారో లేదో తేల్చేది తెల్ల గుమాస్తా. 1898లో లూసియానా, 1867కి ముందు మీ తండ్రికో తాతకో ఓటుంటే మీకు పరీక్ష అక్కర్లేదంది. నల్లవాళ్ల తాతలకి ఓటెక్కడిది? ఆ రాష్ట్రంలో 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు ఉంటే 1904లో మిగిలింది 1,342. ఎక్కడా 'జాతి' అన్న మాట వాడకుండానే ఇదంతా చేశారు. దీన్ని విరిచింది 1965 ఓటింగ్ హక్కుల చట్టం.

బానిసత్వపు పెన్షన్ అడిగిన ఉద్యమం ఒకటుందట?

ఉంది. బానిసగా పుట్టి, బట్టలుతికి ఐదుగురు పిల్లల్ని పెంచిన కేలీ హౌస్ అనే ఆమె నాష్‌విల్‌లో ఆ సంఘం నడిపింది. సైనికులకి ఇస్తున్నట్టే ముసలి విముక్తులకి పెన్షన్ ఇవ్వమని లక్షల మందిని కూడగట్టింది. బానిసలు పండించిన పత్తి మీద వసూలైన పన్ను 6.8 కోట్ల డాలర్లు ట్రెజరీలో ఉంది, మాదే అని 1915లో దావా వేయించింది. కోర్టు కొట్టేసింది. 1917లో పోస్టు ద్వారా మోసం చేసిందని ఆమెనే జైల్లో పెట్టారు.

## మనవైపు నుంచి వచ్చే ప్రశ్నలు

మా పాప అమెరికాలో పుట్టింది. తన పౌరసత్వానికీ వీళ్లకీ సంబంధం ఉందంటారు?

సూటి సంబంధమే. పుట్టుకతో పౌరసత్వం అన్న నియమం 14వ సవరణలోకి వచ్చింది విముక్తుల పౌరసత్వాన్ని ఎవరూ తీసేయకుండా ఉండాలని. చైనా దంపతులకి శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లో, తల్లిదండ్రులు పరాయి దేశస్థులైనా అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. పిల్లలకి ఈ సంగతి చెప్పండి.

మన వెట్టిచాకిరితో పోల్చవచ్చా?

బానిసత్వంతో పోల్చేటప్పుడు జాగ్రత్త కావాలి, రెండూ ఒకటి కావు. కానీ విడుదల తర్వాత వచ్చిన అప్పు ఉచ్చు మనకి బాగా తెలిసినదే. అలబామాలో అలొంజో బెయిలీ అనే కూలీ నెలకి 12 డాలర్ల పనికి ఒప్పుకుని 15 డాలర్లు అడ్వాన్సు తీసుకున్నాడు. నెల దాటాక మానేశాడు. అడ్వాన్సు తీర్చకుండా మానేస్తే మోసమేనన్న రాష్ట్ర చట్టం కింద శిక్ష పడింది. 1911లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. తెలంగాణలో దొర గడీ పాలేరు, నాగుకి తెచ్చిన వడ్ల అప్పు, ఇవాళ్టి ఇటుక బట్టీల అడ్వాన్సు గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. మన 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వెట్టి అప్పునే రద్దు చేసేసింది, తీర్చాల్సిన పనే లేదు.

బానిసత్వం పోయాకే తెలుగువాళ్లని మారిషస్ తీసుకెళ్లారంటారు. నిజమా?

నిజమే. అక్కడ 1835లో రద్దయింది, ఆ తర్వాత కూడా నాలుగేళ్లు 'అప్రెంటిస్' పేరుతో యజమాని దగ్గరే ఉంచారు. గడువు తీరగానే చాలామంది చెరకు తోటలు వదిలేశారు. ఆ జాగాలోకి మన దేశం నుంచి కాంట్రాక్టు కూలీల్ని ఓడల్లో దించారు, మద్రాసు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లతో సహా. చౌక కూలీలు దొరకడంతో విముక్తులకి కూలి పెంచమని అడిగే బలం పోయింది. మారిషస్‌లో ఇవాళ ఉగాది ప్రభుత్వ సెలవు.

మేం హ్యూస్టన్ దగ్గర షుగర్‌ల్యాండ్‌లో ఉంటాం. అక్కడ అస్థికలు దొరికాయన్నది ఏమిటి?

13వ సవరణలోని 'నేరానికి శిక్షగా తప్ప' అన్న ముక్కని పట్టుకుని దక్షిణాది రాష్ట్రాలు ఖైదీల్ని తోటలకీ గనులకీ రైలు కంపెనీలకీ అద్దెకిచ్చాయి. 1876లో మిసిసిపీ ఒక పంది దొంగతనాన్ని కూడా పెద్ద నేరం చేసింది. జైళ్లు నిండాయి, అద్దె ఆదాయం వచ్చింది. ఖైదీ చచ్చిపోతే ఇంకొకణ్ణి పంపేవారు. బానిస చచ్చిపోతే యజమానికి ఆస్తి నష్టం, ఖైదీ చచ్చిపోతే ఎవరికీ ఏమీ పోదు. అలబామా దీన్ని ఆపింది 1928లో.

ఇప్పుడు ఇంతమంది తెలుగువాళ్లు ఇళ్లు కొనుక్కున్న షుగర్‌ల్యాండ్‌కి ఆ పేరు తెచ్చింది చెరకు. ఆ చెరకు చేలలో పనిచేసింది ఇలా అద్దెకొచ్చిన ఖైదీలు. 2018లో అక్కడ బడి భవనం కోసం తవ్వుతుంటే 95 మంది అస్థికలు బయటపడ్డాయి. ఎక్కువమంది నల్లజాతివాళ్లేనని, టీనేజీ కుర్రాళ్లూ ఉన్నారని పరిశోధకులు తేల్చారు. 2019 నవంబరులో దొరికిన చోటే తిరిగి ఖననం చేశారు. వీలైతే పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లి రండి.